ఫ్యూయల్ ప్రాబ్లమా, పార్టులు మార్చే ముందు ఒక డబ్బా, ఒక వాచీ తెచ్చుకోండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫ్యూయల్ గురించే. సొంతంగా విమానం కట్టుకున్నవాళ్ళు, కట్టుకుంటున్నవాళ్ళు, వేరేవాళ్ళు కట్టింది కొనుక్కున్నవాళ్ళు అందరూ ఉన్నారు, అందుకే మిగతావన్నీ పక్కనపెట్టి వీటికే చోటు ఇచ్చాం. ఒకే రకం ప్రశ్నలని కలిపేశాం.

ప్రశ్న: సార్, నాది లో-వింగ్ (రెక్కలు కింద ఉండే) రెండు సీట్ల విమానం, నేనే కట్టుకున్నాను, ఇంజన్ రోటాక్స్ 912 యూఎల్ఎస్. నేల మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చూస్తే ఏ గోలా లేదు. టేకాఫ్ అయ్యి ఎక్కుతున్నప్పుడు మాత్రం కాసేపటికి ఫ్యూయల్ ప్రెజర్ జారిపోయి ఇంజన్ రఫ్‌గా అయిపోతోంది, బూస్ట్ పంప్ (కరెంటుతో నడిచే అదనపు పంప్) వేస్తే సర్దుకుంటోంది. కార్బ్యురేటర్లు రెండూ విప్పి కడిగేశాను, తేడా లేదు. ఇంజన్ మీద ఉన్న పంప్ మార్చెయ్యమని ఫ్రెండ్స్ అంటున్నారు. మార్చెయ్యనా?

జవాబు: ఆగండి, ఇప్పుడే వద్దు. ముందు ఒక సంగతి, ఇది కుదిరేదాకా బూస్ట్ పంప్ నమ్ముకుని ఎగరొద్దు, ఎందుకంటే ఆ పంప్ ఉన్నది ఇంజన్ పంప్ పోయినప్పుడు ఆదుకోడానికి, మీరు దాన్ని రోజువారీ పనికి వాడేస్తే ఇక ఆదుకునేది ఏదీ మిగల్లేదు.

మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. ప్రెజర్ పడిపోయాక ఇంజన్ రఫ్ అవుతోంది అంటే తేడా కార్బ్యురేటర్‌కి ముందే ఉంది, కాబట్టి వాటిని ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. (ప్రెజర్ మామూలుగా ఉండి రఫ్ అయ్యుంటే అప్పుడు కార్బ్యురేటర్లో మంచు కట్టడం, ఇగ్నిషన్, కార్బ్ లోపలి సంగతులు చూడాలి, అది వేరే దారి.) ఈ ఇంజన్‌కి ప్రెజర్ 0.15 నుంచి 0.4 బార్ మధ్య ఉండాలి, కొత్త రకం పంప్ ఉంటే పైహద్దు 0.5 అంటారు, మీ మాన్యువల్‌లో ఏది ఉందో చూస్కోండి. గేజ్ కూడా నమ్మదగిందో కాదో ఇంకో గేజ్ పెట్టి ఒకసారి సరిచూడండి, సెన్సర్ ఎర్త్ సరిగ్గా లేక తప్పు చూపించే కేసులు చాలా ఉంటాయి.

మరి నేల మీద ఎందుకు బాగుంది? ఒకటి, నేల మీద ఫుల్ థ్రాటిల్ అంటే ఎవరైనా పది, ఇరవై సెకన్లు ఉంచుతారు, అంతసేపటికి ఫ్లోట్ బౌల్స్‌లో (కార్బ్యురేటర్ కింది గిన్నెల్లో) ఉన్న పెట్రోలు, లైన్లో ఉన్న పెట్రోలు సరిపోతుంది, లోపం బయటపడే టైమే ఇవ్వం. రెండు, ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది, ఇంజన్ ట్యాంక్ కంటే ఇంకా ఎత్తులోకి పోతుంది, పంప్ ఇంకాస్త ఎత్తుకి లాగాలి. మూడోది వేడి, దాని గురించి కింద ఇంకో ప్రశ్న ఉంది.

కాబట్టి చెయ్యాల్సింది ఫ్లో టెస్ట్. ఇది మొదటిసారి ఎగరకముందే చెయ్యాలి అసలు, చాలామంది చెయ్యరు. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో హోమ్‌బిల్ట్ విమానాల మీద చేసిన స్టడీలో కూడా ఫ్యూయల్ సిస్టమ్‌కి ఫంక్షనల్ టెస్ట్ తప్పనిసరి చెయ్యమని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకి సిఫారసు చేసింది. లెక్క ఇదీ: పంప్‌తో నడిచే సిస్టమ్ ఐతే టేకాఫ్‌లో ఇంజన్ తాగేదానికి 125 శాతం రావాలి, పైనుంచి దానంతటదే దిగే గ్రావిటీ సిస్టమ్ ఐతే 150 శాతం. మీ ఇంజన్ ఫుల్ పవర్లో గంటకి 27 లీటర్లు తాగుతుంది, దానికి 125 శాతం అంటే 34 లీటర్లకి ఒక పిసరు తక్కువ, అంటే ఒక లీటరు డబ్బా నిండటానికి 107 సెకన్లకి మించి పట్టకూడదు. ఇదే ఇంజన్ గ్రావిటీ మీద ఉంటే 89 సెకన్లు. రిటర్న్ లైన్‌లో ట్యాంక్‌కి వెనక్కి పోయేది ఈ లెక్కలోకి రాదు, కార్బ్యురేటర్ దగ్గరికి చేరేదే లెక్క.

ఎలా చెయ్యాలంటే, విమానం ముక్కు మీరు ఎప్పుడూ ఎక్కే కోణం కంటే ఇంకో 5 డిగ్రీలు పైకి ఉండేలా పెట్టండి, తోకచక్రం విమానం ఐతే తోకని పల్లంలోకి దించాలి, ముక్కుచక్రం ఐతే ముందు చక్రం కింద దిమ్మలు పెట్టి ఎత్తాలి, గట్టిగా కట్టెయ్యాలి, జారిపడిందంటే ఇక ఫ్యూయల్ ప్రాబ్లం గురించి ఆలోచించక్కర్లేదు. ట్యాంక్‌లో కొద్దిగానే పెట్రోలు ఉంచండి, నిండా ఉన్నప్పుడు పాసవడం గొప్ప కాదు. కార్బ్యురేటర్ దగ్గర హోస్ ఊడదీసి చివర ఆ ఎత్తులోనే పట్టుకోండి, కిందకి దించితే సైఫన్ అయ్యి అబద్ధం చెప్తుంది. డబ్బా లోహంది వాడండి, ప్లాస్టిక్ వద్దు, డబ్బాకీ విమానానికీ మధ్య ఎర్త్ వైర్ తగిలించండి, బయట గాలి ఆడేచోట చెయ్యండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఇంకో మనిషి ఉండాలి. ఒక్కో ట్యాంక్‌కి విడివిడిగా, సెలెక్టర్ (ఏ ట్యాంక్ నుంచి పెట్రోలు రావాలో తిప్పే వాల్వ్) ఒక్కో పొజిషన్‌లో టైమ్ రాస్కోండి.

టైమ్ ఎక్కువ పడితే వెనక్కి ఒక్కో జాయింట్ ఊడదీస్తూ పోండి, ఫిల్టర్ ముందు కొలవండి, గ్యాస్కొలేటర్ (నీళ్ళు, చెత్త పట్టే గిన్నె) ముందు, సెలెక్టర్ ముందు, ట్యాంక్ అవుట్‌లెట్ దగ్గర. ఎక్కడ ఫ్లో ఒక్కసారిగా పెరిగితే అక్కడే అడ్డం ఉంది. కొత్త విమానాల్లో నూటికి తొంభై అని లెక్క చెప్పను గానీ, దొరికేది దాదాపు ఎప్పుడూ మనం వదిలేసిన చెత్తే: డ్రిల్ చేసిన అల్యూమినియం పొట్టు, ఫైబర్ దుమ్ము, సీలెంట్ తొనలు, మరలకి చుట్టిన టెఫ్లాన్ టేప్ పీచులు. ఆ టేప్ ఫ్యూయల్ ఫిట్టింగులకి వాడొద్దని ఎంత చెప్పినా వాడతారు, పీచు తెగి నేరుగా ఫ్లోట్ వాల్వ్ సీట్ మీద కూర్చుంటుంది. ఫిట్టింగుల మరలకి ఫ్యూయల్‌కి పనికొచ్చే పేస్ట్ సీలెంట్, అదీ మొదటి రెండు చుట్లు వదిలేసి రాయండి.

ఫ్లో టెస్ట్ పాస్ అయిపోయిందనుకోండి. బూస్ట్ పంప్ వేస్తే సర్దుకుంటోంది అన్నారు కదా, అప్పుడు నా అనుమానం సక్షన్ లీక్ మీదకి పోతుంది. ఇంజన్ పంప్ లాగుతున్నప్పుడు దాని వెనక లైన్లో ప్రెజర్ బయటిగాలి కంటే తక్కువ, ఎక్కడైనా ఫ్లేర్ (పైపు చివర గరాటులా విప్పిన అంచు) సరిగ్గా కూర్చోకపోతే అక్కడినుంచి గాలి లోపలికి పోతుంది, స్ట్రాకి చిల్లు పడితే పీల్చేవాడికి గాలే వస్తుంది గానీ బయటికి చుక్క కారదు, అలాగే ఇక్కడ కూడా తడి కనబడదు, వాసన రాదు. దీన్ని పట్టుకోడానికి ఇంజన్ ఆపేసి బూస్ట్ పంప్ మాత్రం ఆన్ చెయ్యండి, ఇప్పుడు బూస్ట్ పంప్ నుంచి ముందుకి ఉన్న లైనంతా ప్రెజర్లో ఉంటుంది, గాలి పీల్చిన జాయింటే ఇప్పుడు పెట్రోలు చెమరుస్తుంది. తెల్ల టిష్యూ పేపర్ ఒక్కో నట్ చుట్టూ తిప్పి చూడండి, చిన్న మరక చాలు. ట్యాంక్‌కీ బూస్ట్ పంప్‌కీ మధ్య ఉన్న భాగం మాత్రం ఈ టెస్ట్‌కి దొరకదు, అది అప్పుడు కూడా సక్షన్లోనే ఉంటుంది, దానికి నేల మీద మాత్రమే ఒక పారదర్శకమైన ట్యూబ్ ముక్క మధ్యలో పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూసి వెంటనే తీసెయ్యాలి. సెలెక్టర్ కాడ చుట్టూ ఉన్న ఓ-రింగ్, గ్యాస్కొలేటర్ గిన్నె గ్యాస్కెట్, ఈ రెండూ పాత దొంగలు. ఫ్లేర్లు ఏ టూల్‌తో చేశారో కూడా చూడండి, విమానాల ఫిట్టింగులు 37 డిగ్రీలు, కార్లకి వాడే టూల్ 45 డిగ్రీలు, రెండూ కలిపి బిగిస్తే మొదట్లో కూర్చున్నట్టే ఉంటుంది, తర్వాత పగులుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ప్రెజర్ జారితే అప్పుడు ఇంజన్ పంప్ మార్చండి.

ప్రశ్న: మోగ్యాస్ (కార్ల పెట్రోలు) వాడతాను. దిగి, ఇంజన్ ఆపి, అరగంట తర్వాత మళ్ళీ ఎక్కాలంటే ప్రెజర్ సూది పిచ్చిగా ఊగుతోంది. ఎండ తక్కువ ఉన్న రోజుల్లో లేదు. పొద్దున మొదటి ఫ్లైట్లో ఎప్పుడూ లేదు. నాకు అర్థం కావట్లేదు.

జవాబు: మీకు అర్థం అయ్యింది, ఎండ అని మీరే రాశారు. వేపర్ లాక్. ఇంజన్ ఆపగానే కౌలింగ్ (ఇంజన్ మీది కప్పు) లోపల గాలి ఆగిపోతుంది, సిలిండర్ల వేడంతా పైకి లేచి పంప్‌లోకి, లైన్లలోకి పోతుంది, ఆపిన పావుగంట, అరగంట మధ్యే అక్కడ వేడి ఎక్కువ. పెట్రోలు లైన్లోనే ఆవిరైపోతుంది, పంప్ ద్రవాన్ని తొయ్యగలదు గానీ ఆవిరి దొరికితే దాన్ని నొక్కి వదుల్తూ కూర్చుంటుంది.

ఏవ్‌గ్యాస్‌కి (విమానాల పెట్రోలుకి) ఆవిరి పీడనం 38 నుంచి 49 కిలోపాస్కల్స్ మధ్య కట్టడి చేసి అమ్ముతారు. మోగ్యాస్‌కి అలా కాదు, సీజన్ని బట్టి మారుస్తారు, చలికాలపు బ్లెండ్ కొన్నిచోట్ల 100 దాకా ఉంటుంది, చలికాలంలో కొని దాచుకున్న పెట్రోలు మొదటి ఎండల్లో పోస్తే గోల అందుకే. పైగా ఎత్తుకి పోయేకొద్దీ బయటి ప్రెజర్ తగ్గి మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది.

ఇప్పటికి చెయ్యగలిగింది: ఆపగానే కౌలింగ్ మీదున్న ఆయిల్ డోర్ తెరిచి పెట్టండి, వీలైతే విమానం ముక్కుని గాలికి ఎదురుగా నిలపండి, మళ్ళీ స్టార్ట్ చేసేముందు బూస్ట్ పంప్ వేసి కాసేపు తిరగనివ్వండి, రిటర్న్ లైన్ ఉంటే వేడి పెట్రోలు, ఆవిరి ట్యాంక్‌కి పోయి చల్లటిది వస్తుంది, సూది నిలబడేదాకా టేకాఫ్ మాట ఎత్తొద్దు. రిటర్న్ లైన్ లేకపోతే పెట్టుకోవాలి, రోటాక్స్ వాళ్ళు 912కి 0.35 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న జెట్‌తో రిటర్న్ లైన్ పెట్టమంటారు, ఆ జెట్ మర్చిపోయి ఉత్త పైప్ పెడితే ఉన్న ప్రెజర్ కూడా వెనక్కి పోతుంది.

శాశ్వతంగా ఐతే బూస్ట్ పంప్‌ని ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) ముందు నుంచి తీసి ట్యాంక్ దగ్గర, కింద, చల్లగా ఉండేచోట పెట్టండి. పీల్చే లైన్ పొట్టిగా, తోసే లైన్ పొడుగ్గా ఉండాలి, చాలామంది దీన్ని ఉల్టా చేస్తారు, వైరింగ్ దగ్గరవుతుందని. ఎగ్జాస్ట్ పైప్‌కి దగ్గర్లో లైన్ పోతుంటే మధ్యలో రేకు షీల్డ్, హోస్‌కి ఫైర్‌స్లీవ్ (మంట తట్టుకునే తొడుగు), ఇంజన్ పంప్ మీదకి చల్లగాలి తగిలేలా ఒక సన్నటి ట్యూబ్. 90 డిగ్రీల ఎల్బోలు పీల్చేవైపు ఎన్ని తగ్గిస్తే అంత మంచిది, ప్రతి మలుపు దగ్గరా ప్రెజర్ కొంచెం పడుతుంది, బుడగ పుట్టేది అక్కడే.

ప్రశ్న: హై-వింగ్. సెలెక్టర్ బోత్‌లోనే (రెండు ట్యాంకులూ తెరిచి) ఉంచుతాను. ఐనా ఎడమ ట్యాంక్ ఖాళీ అయిపోతుంది, కుడిది నిండుగానే ఉంటుంది. సెలెక్టర్ పాడైందా?

జవాబు: సెలెక్టర్‌ని వదిలెయ్యండి, రెక్క కింద వెంట్లు (ట్యాంక్‌లోకి గాలి వచ్చే ట్యూబులు) చూడండి. 100 నాట్ల స్పీడులో ఎదురుగాలి ప్రెజర్ ఎంతంటే సుమారు 23 సెంటీమీటర్ల పెట్రోలు మట్టానికి సమానం. మీ రెండు ట్యాంకుల మట్టాల తేడా కంటే ఇది పెద్దది. ఒక వెంట్ గాలికి నేరుగా, ఇంకోటి కాస్త వంగి ఉంటే చాలు, ఎక్కువ ప్రెజర్ ఉన్న ట్యాంకే ముందు ఖాళీ అవుతుంది. రెండూ ఒకే కోణంలో, ఒకే పొడవులో ఉన్నాయా, రెక్క నుంచి ఒకే దూరంలో ఉన్నాయా కొలవండి, రెండు ట్యాంకుల పైభాగాన్ని ఒక ట్యూబ్‌తో కలిపితే ఇంకా మంచిది. కుడి మూత రబ్బరు కూడా చూడండి, రెక్క పైన సక్షన్ ఉంటుంది, మూత సరిగ్గా మూసుకోకపోతే ఆ ట్యాంక్‌లో ప్రెజర్ నిలవదు, పెట్రోలు పైకి ఎగిరిపోయినా పోవచ్చు.

పురుగు గూడు కట్టిందేమో కూడా చూడండి. కందిరీగలకి ఈ వెంట్ ట్యూబులంటే మహా ఇష్టం, ఒక్క రాత్రిలో మట్టితో మూసేస్తాయి. వెంట్ మూసుకుంటే ట్యాంక్‌లో వాక్యూమ్ పెరిగి పెట్రోలు రావడం మెల్లగా ఆగిపోతుంది.

ఇది చదివే లో-వింగ్ వాళ్ళకి ఒక మాట, మీకు బోత్ వద్దు. ఒక ట్యాంక్ ఖాళీ అయితే పంప్ పెట్రోలు వదిలేసి అటునుంచి గాలే పీలుస్తుంది.

ప్రశ్న: రెక్క మొదట్లో నీలం మరక. లీకా?

జవాబు: లీకే. 100ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్‌కి నీలం రంగు కలిపేది గుర్తుపట్టడానికి, ఇక్కడ అదే మనకి సాయం. కానీ మరక ఉన్నచోట చిల్లు ఉందనుకోకండి, లోపల రివెట్ల వెంట పాకి ఎక్కడో బయటికొస్తుంది. ట్యాంక్ ఖాళీ చేసి, వెంట్‌కి బెలూన్ కట్టి, డ్రెయిన్ దగ్గర సైకిల్ పంప్‌తో మెల్లగా ఊదండి, బెలూన్ నిలబడేంత చాలు, సబ్బునీళ్ళు రాసి చూడండి. కంప్రెసర్ మాత్రం తగిలించొద్దు, 1 పిఎస్ఐ అంటే చిన్న అంకెలా ఉంటుంది గానీ రెక్క ట్యాంక్ అడుగు వైశాల్యంతో గుణిస్తే వందల కిలోల తోపుడు, అతుకులు విచ్చుకుంటాయి. బయటనుంచి సీలెంట్ పూసి ఊరుకోకండి, అది లోపల పక్క నుంచి చెయ్యాల్సిన పని.

ప్రశ్న: ఫైబర్‌గ్లాస్ ట్యాంక్ ఉన్న విమానం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ముందాయన ఏవ్‌గ్యాసే వాడారు. నేను మోగ్యాస్ పోస్తున్నాను. ఫిల్టర్లో జిగురులాంటిది వస్తోంది, తేనెరంగులో. గ్యాస్కొలేటర్ కడిగినా నాలుగు రోజులకి మళ్ళీ వస్తోంది.

జవాబు: ఎగరడం ఆపండి, ఇది ఫిల్టర్ కడుక్కుంటూ నెట్టుకొచ్చే జబ్బు కాదు. మీ పెట్రోల్లో ఇథనాల్ ఉన్నట్టుంది, అది మీ ట్యాంక్ రెజిన్‌ని మెత్తబరుస్తోంది. వినైల్ ఎస్టర్ రెజిన్ కొంతవరకు తట్టుకుంటుంది, పాత పాలియెస్టర్, కొన్ని ఇపాక్సీలు తట్టుకోలేవు. కరిగిన రెజిన్ పెట్రోల్లో కలిసి కనబడకుండా ఫిల్టర్ దాటేస్తుంది, కార్బ్యురేటర్లో పెట్రోలు ఆవిరయ్యే చోట తేరుకుని నీడిల్స్‌కి, జెట్లకి అంటుకుంటుంది. మీరు ఫిల్టర్లో చూస్తున్నది మిగిలిపోయిన కొంచెం మాత్రమే.

ఉందో లేదో తేల్చుకోడానికి గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్లు నీళ్ళు, పైన 90 మిల్లీలీటర్లు పెట్రోలు పోసి మూతపెట్టి ఊపి నిలబెట్టండి. అడుగున నీళ్ళ గీత 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, పైకి జరిగితే ఉంది, ఇథనాల్ పెట్రోల్ని వదిలేసి నీళ్ళలోకి దిగిపోతుంది. ట్యాంక్‌లో జరిగేది కూడా ఇదే, పదిశాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం దాకా నీళ్ళని దాచుకుని తర్వాత, చల్లబడగానే, ఒక్కసారిగా విడిపోతుంది, అడుగున చేరేది నీళ్ళూ ఇథనాలూ కలిసిన పొర, ట్యాంక్ అవుట్‌లెట్ ఉండేది కూడా అడుగునే.

లోపల స్లోషింగ్ కాంపౌండ్ (గోడలకి పూతపట్టే ద్రవం) పోసి తిప్పితే పోతుందని సలహా ఇస్తారు ఎవరో ఒకరు. వినకండి, మెత్తబడ్డ గోడ మీద పూత నిలవదు, రేపు అదే పొరలుగా లేచి స్ట్రెయినర్‌కి అడ్డం పడుతుంది. ట్యాంక్ తెరిచి చూడాలి, గోడ గోటికి దిగుతుంటే కొత్త ట్యాంక్ కట్టాలి. ఖర్చే, ఒప్పుకుంటాను.

ప్రశ్న: కట్టుకుంటున్న విమానంలో ఫ్యూయల్ సెలెక్టర్ ప్లాన్‌లో ఉన్నచోట కాకుండా సీటు వెనక బల్క్‌హెడ్ (అడ్డగోడ) మీద పెడదామనుకుంటున్నా. కాక్‌పిట్‌లోకి ఫ్యూయల్ లైన్ రాకుండా ఉంటుంది, సేఫ్ కదా అన్నా?

జవాబు: తమ్ముడూ, ఇదే ఆలోచన ఇంకొకాయన చేశాడు. సింగర్ జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరీ బే దగ్గర సముద్రంలో కూలి చనిపోయింది ఒక లాంగ్-ఈజెడ్ హోమ్‌బిల్ట్‌లో. అప్పుడే కొన్న విమానం. దాన్ని డిజైన్ చేసిన బర్ట్ రుటాన్ ప్లాన్ ప్రకారం సెలెక్టర్ పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి, కట్టినాయన దాన్ని ఎడమ భుజం వెనక బల్క్‌హెడ్ మీదకి మార్చాడు. పిడి తిప్పడం కష్టంగా ఉండేది, పొజిషన్లకి గుర్తుల్లేవు, ఉన్న పెట్రోలు తక్కువ. ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తులో తేలింది ఏంటంటే, దాన్ని అందుకోడానికి పైలట్ వెనక్కి తిరిగితే కాలు తెలియకుండానే కుడి రడ్డర్‌ని తొక్కేస్తుంది. కట్టినాయన చెడ్డ పని చెయ్యాలని చెయ్యలేదు, నీలాగే ఆలోచించాడు.

బెల్టులు బిగించుకుని, కళ్ళు మూసుకుని, తల తిప్పకుండా చెయ్యి పెట్టగలిగే చోటే సెలెక్టర్ పెట్టు. పిడి మొన ఎటు చూపిస్తే ఆ ట్యాంక్, ఎడమకి తిప్పితే ఎడమ, కుడికి తిప్పితే కుడి. ఆఫ్ మాత్రం పొరపాటున పడకుండా ఏదైనా నొక్కితేనో ఎత్తితేనో పోయేలా ఉండాలి. ప్రతి పొజిషన్లో టక్‌మని కూర్చోవాలి, మెత్తగా జారే వాల్వ్ ఐతే సగం మధ్యలో ఆగి రెండు ట్యాంకుల్నీ మూసేస్తుంది. లైన్ గురించి భయం ఉంటే లోపల జాయింట్లు తగ్గించి ఒకే ముక్కగా తీసుకురా, సెలెక్టర్ కింద చిన్న పెట్టె కట్టి దాని అడుగు నుంచి బయటికి డ్రెయిన్ పెట్టు.

ప్రశ్న: ఫ్యూయల్ ఫ్లో మీటర్ బూస్ట్ పంప్ వేస్తే ఎక్కువ చూపిస్తుంది, క్వాంటిటీ గేజ్ నేల మీద ఒకటి, గాల్లో ఒకటి. ఏది నమ్మాలి?

జవాబు: ఫ్లో మీటర్లో చిన్న చక్రం తిరుగుతుంది, పంప్ ముందు ఉన్నా, వెనకే ఎల్బో ఉన్నా, బుడగలొచ్చినా ఎక్కువ తిరుగుతుంది. ముందూ వెనకా కాస్త తిన్నగా లైన్ ఉండేచోటికి మార్చండి, తర్వాత కొన్ని ఫ్లైట్ల పెట్రోలు బంకులో పోసినదానితో పోల్చి కే-ఫ్యాక్టర్ (మీటర్ లెక్కని సరిచేసే అంకె) సరిచేస్కోండి. రిటర్న్ లైన్ ఉంటే అటు పోయేది కూడా లెక్కపెడుతుందేమో చూడండి.

గేజ్ సంగతి, మీది తోకచక్రం అని ఉత్తరంలో ఉంది కాబట్టి నేల మీద తోక దిగి పెట్రోలు వెనక్కి చేరుతుంది, ఫ్లోట్ ముందుంటే తక్కువ చూపిస్తుంది. తోక ఎత్తి విమానం లెవెల్‌లో పెట్టి ఖాళీ ట్యాంక్ నుంచి ఐదైదు లీటర్లు పోస్తూ గీతలు పెట్టుకోండి, తోక దించి ఇంకోసారి, రెండు పట్టికలు. కెపాసిటివ్ సెండర్ (ఫ్లోట్ లేకుండా విద్యుత్తుతో మట్టం కొలిచేది) ఐతే ఇథనాల్ కలిసిన పెట్రోలు పోసిన రోజు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కొత్త పెట్రోలుకి మార్చాక క్యాలిబ్రేషన్ మళ్ళీ చెయ్యాలి. అదయ్యేదాకా స్టిక్ దించి కొలవడం, వాచీ చూసి లెక్క కట్టడం.